నా కంట్రోల్

"క్షమాపణ చెప్పను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

అన్నది ఫ్లయింగ్ క్లబ్ టీచరమ్మ. నెరిసిన జుట్టు, మోకాళ్ల నొప్పి. మాట మాత్రం మహా కరుకు.

ఎదురుగా కూర్చున్న కెప్టెన్‌కు ఒళ్లు మండిపోయింది. మొన్న ఆయన నిండు విమానంతో రన్‌వే మీదికి దిగుతుంటే, ఈవిడ శిక్షణ విమానం అడ్డంగా దూరింది. ఆయన గబుక్కున మళ్లీ పైకి లేపాడు. చిన్న విమానం పక్కకు ఒరిగి, కిందికి జారి తప్పుకుంది. వెంట్రుకవాసిలో గండం గడిచింది.

"కంట్రోల్ టవర్ వాళ్లు ఆగమన్నా ఎందుకు తిరిగారు?" అడిగాడు విచారణాధికారి.

"పొరపాటు. బాధ్యత నాది. శిక్ష వెయ్యండి. కాళ్లావేళ్లా పడమంటే నావల్ల కాదు."

"నడిపింది మీ స్టూడెంటేగా?" కెప్టెన్ బల్ల గుద్దాడు. "పేరు చెప్పండి. జన్మలో విమానం ముట్టుకోకుండా చేస్తాను."

"అందుకే చెప్పను."

అధికారి చెయ్యి అడ్డుపెట్టాడు.

"పేరు సంగతి వదిలెయ్యండి. విమానం స్టూడెంట్ చేతిలో ఉంటే మీకు హెచ్చరికతో సరి. మీ చేతిలో ఉంటే లైసెన్సు పోతుంది. ఆలోచించి చెప్పండమ్మా."

ఆవిడ ఆలోచించలేదు.

"నా కంట్రోల్."

గాల్లో టీచర్ ఆ మాట అంటే, స్టూడెంట్ చేతులు తీసెయ్యాలి. అది అక్కడి పద్ధతి.

లైసెన్సు కార్డు తీసి బల్ల మీద పెట్టి లేచింది.

"ఇంట్లో ఎదిగిన కూతురుంది నాకు! ఆరోజు ఏదైనా అయ్యుంటే?" కెప్టెన్ గొంతు చించుకున్నాడు.

"మీ అమ్మాయి క్షేమమేగా?"

"దానికేం? నిక్షేపంలా ఉంది."

"నాకది చాలు."

తల వంచకుండా, కాలీడ్చుకుంటూ వెళ్లిపోయింది.

"ఎంత పొగరు!" అన్నాడు కెప్టెన్.

వారం తిరక్కుండానే భోజనాల దగ్గర శుభవార్త చెప్పినట్టు చెప్పాడు.

"ఆ ముసలమ్మ లైసెన్సు పీకించాను. గది ఖాళీ చేసి ఎటో పోయిందట. పీడా వదిలింది."

కూతురి చేతిలో ముద్ద ఆగిపోయింది.

"హెచ్చరికతో వదిలేశారని చెప్పిందే ఆవిడ!"

"నీకెప్పుడు చెప్పింది?"

ఏనాడూ తండ్రికి ఎదురు చెప్పని పిల్ల లేచి నిలబడింది.

"రేపే అధికారి దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్తాను. మీరు ఆపలేరు."

"మధ్యలో నీకేంటే?"

"మీకు తెలియకుండా ఆవిడ దగ్గర విమానం నడపడం నేర్చుకుంటున్నాను నాన్నా. ఆరోజు రేడియోలో మీ గొంతు వినగానే హడలిపోయి మీకు అడ్డంగా తిప్పేసింది నేను. 'నా కంట్రోల్' అని లాక్కుని నన్నూ మిమ్మల్నీ బతికించింది ఆవిడ."