కంపెనీకి కడుపు లేదు

ఏ ఖండమున కొలువై ఉన్నను, ఏ శాఖకు చెందినను, సంబంధిత అధికారుల సముఖమునకు ఆస్ట్రేలియా దేశం, పెర్త్ నగరం, కానింగ్ వేల్ నివాసి ముఖ్తార్ చేయు విన్నపము.

పదికి పైగా ఆఫ్రికా దేశాలు తమ వ్యాపార చట్టాలను ఒక్కటి చేసుకున్నాయి. ఒక దేశంలో కంపెనీ పెట్టే పద్ధతే మిగతా అన్నిటిలోనూ చెల్లుతుంది. 2000 సంవత్సరంలో కంప్యూటర్లకు వై2కె గండం గడిచాక, మా గనుల కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను ఆ ఉమ్మడి చట్టానికి అనువుగా మార్చినవాడిని నేనే.

పని దివ్యంగా కుదిరింది. కంపెనీ పెర్త్ ఆఫీసు మూసేసి, సుఖంగా ఆఫ్రికాకు తరలిపోయింది. ఉద్యోగంతో ముడిపడిన నా వీసా కూడా దానితోపాటే ముగిసింది.

నెలాఖరులోగా దేశం విడిచి వెళ్ళాలని ఒక శాఖ ఉత్తరువు. నా భార్య నఫీసాకు తొమ్మిదో నెల. నిండు గర్భిణులను ఎక్కించుకోబోమని విమాన సంస్థ నిబంధన.

"అన్ని దేశాలను కలిపారు కదండీ, నన్ను ఎక్కించుకునే విమానం ఒక్కటి చూడలేకపోయారా?" అని అడిగింది నఫీసా.

"కంపెనీ ఒక్క వారంలో వెళ్ళిపోయింది," అన్నాను.

"దానికేమండీ, కడుపా, కాన్పా?"

ఆమె వాదనలో లోపం కనబడలేదు. ఉండుట నేరమును, పోవుట నిషిద్ధమును అగుటచే, ఈ దిగువ కోరికను దాఖలు చేయడమైనది.

కోరిక సంఖ్య 1: పుట్టబోయే మా బిడ్డను మనిషిగా కాక, కంపెనీగా నమోదు చేయవలెను.