ఎడమవాటం

రాజమాణిక్యం స్టేజీ ఎక్కేసరికి దేవా డ్రమ్ముల సెట్టు మొత్తం తిప్పేస్తున్నాడు. స్టూలు మీద కూర్చునే ఒక్కొక్కదాన్నీ కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి లాక్కుంటున్నాడు.

“నిలుపప్పా ఆ పని. అది మనది కాదు, వేలూరు ట్రూపుది. ముందు వాళ్ళు వాయిస్తారు. వాళ్ళు దిగంగానే మనం ఎక్కాల. అప్పుడు నువ్వు దాన్ని తిప్పుకుంటా కూకుంటే జనం ఊరుకుంటారా?”

“ఒక్క పాట పాడేంత టైము చాలన్నా. నాది ఎడమవాటం గదా.”

“అదే వద్దంటా ఉండా.”

గుడియాత్తం అమ్మవారి జాతర. సాయంత్రం కచ్చేరికి ముందు మైకులు సరిచూసుకునే వేళ. జాతర పెద్ద పెరియస్వామి ఒకటే మాట చెప్పాడు. రెండు ట్రూపులకూ ఒకటే డ్రమ్ సెట్టు, మైకులు కట్టినచోటే ఉండాలి, మధ్యలో ఆలస్యం కాకూడదు. నచ్చితే వచ్చే ఏడు మళ్ళీ పిలుపు. లేదంటే లేదు.

ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చాక పెళ్ళిళ్ళకు పాటలు పెట్టించేవాళ్ళు తగ్గిపోయారు. పెట్టించినా క్యాసెట్ వేసి, పెద్ద స్పీకర్లు కట్టేస్తున్నారు. లత్తేరిలో రాజమాణిక్యం ట్రూపు ఇంకా బతికి ఉందంటే ఇలాంటి జాతరల పుణ్యమే.

దేవా ఆ ట్రూపులో చేరి నెల తిరగలేదు. వేలూరులో తోళ్ళ ఫ్యాక్టరీ పని పోయాక డ్రమ్ములనే నమ్ముకున్నాడు. చర్చిలో అతను వాయిస్తుంటే విని పాటలమ్మాయి ఇందుమతి తీసుకొచ్చింది. వాయిద్యంలో వంక పెట్టడానికి లేదు. మనిషితోనే చిక్కు. కలెక్టరు మాదిరి నింపాదిగా నడుస్తాడు. సామాన్లు దించమంటే చెయ్యి వెయ్యడు. ఎవరు వచ్చినా కూర్చున్నచోటు నుంచి కదలడు.

“ఎడమవాటమంట. అన్నం మాత్రం కుడిచేత్తోనే తింటావు. పొద్దున హోటల్లో చూసినా గదా, పరోటా ఎట్ల చించినావో.”

“అది మా అమ్మ చలవన్నా. ఎడమచెయ్యి విస్తట్లో పెడితే గరిటె తిరగేసి వాయించేది. నాకు తాళం నేర్పింది ఆయమ్మే.”

ఇందుమతి నవ్వింది. “మా చెల్లెలూ అంతే. కుడిచేత్తో తింటాది, ఎడమచేత్తో కొడతాది.”

అందరూ నవ్వారు. రాజమాణిక్యం నవ్వలేదు.

“కుడివాటంగా పెట్టి వాయించు, చూస్తా. కాదంటే ఇప్పుడే చెప్పు. వేలూరోళ్ళ మణికందన్ మనకు కూడా కూకుంటానన్నాడు.”

దేవా మొహంలో నవ్వు పోయింది. మణికందన్ ఈరోజు కూర్చుంటే రేపు కూడా మణికందనే. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు.

“చేతులకు ఏది యాడ పెట్టినా సరేనన్నా. చేతులు అడ్డమేసి అయినా వాయిస్తా. కాలితో తొక్కే పెద్ద డ్రమ్ము ఒకటి ఎడమకాలికి రానీ.”

“చెయ్యి ఎడమవాటమంటివి. ఇప్పుడు కాలు కూడానా?”

“వాటమంటే ఒళ్ళంతా అంతే గదన్నా.”

“బేరాలు వద్దప్పా. సీక్రం కానీ.”

దేవా తిప్పిన డ్రమ్ములను మళ్ళీ యథాస్థానంలోకి నెట్టాడు. రెండు చేతులతో కుడి మోకాలు పట్టుకుని జరుపుకుని పెడలు ముందు కుదురుకున్నాడు. కర్రలు తీసుకున్నాడు.

రాజమాణిక్యం కీబోర్డు అందుకున్నాడు. ఇందుమతి పాట ఎత్తుకుంది.

చేతులు ఎప్పటిలాగే పలికాయి. ఎడమవాటం మనిషి కుడివాటంలో ఇంత శుభ్రంగా ఎలా వాయిస్తున్నాడో రాజమాణిక్యానికి అర్థం కాలేదు. కానీ పెద్ద డ్రమ్ము పాటకు అందడం లేదు. ఒక దెబ్బ ఆలస్యంగా పడింది. తర్వాతది పడనే లేదు. ఇందుమతి ఒక చరణం లాక్కొచ్చి ఆగిపోయింది.

“మళ్ళీ,” అన్నాడు రాజమాణిక్యం.

మళ్ళీ అంతే. దేవా నుదుటి మీద చెమట కారుతోంది. పెదవి కొరుక్కుంటున్నాడు.

రాజమాణిక్యం కీబోర్డు ఆపేశాడు. ఇంత చక్కగా ఆడే చేతులున్నవాడికి ఒక పెడలు తొక్కడం రాదా? కావాలనే చెడగొడుతున్నాడు. తన మాట నెగ్గించుకోవడానికి ట్రూపునే ముంచుతున్నాడు.

“సరిపోయింది. దిగు. ఇందుమతీ, మణికందన్‌ను పిలువు.”

దేవా వంగి, ప్యాంటు కిందికి చెయ్యి పోనిచ్చి ఏదో సర్దుకుంటున్నాడు. తలెత్తలేదు.

“అన్నా, మీరందరూ పోయి టీ తాగి రండి. ఈలోపల నేను దిగి వెళ్ళిపోతా.”

“మమ్మల్ని పొమ్మనేదానికి నువ్వెవరు? నీకంటే పెద్దోణ్ణి ఎదురుగా నిలబడి ఉండా. లేచి మాట్లాడాలని కూడా తెలీదా?”

“లేస్తానన్నా. కొంచెం సేపు.”

“ఏం, మహారాజువా?”

“ఇందుమతి ముందర వద్దన్నా.” దేవా గొంతు బాగా తగ్గింది. “నీకు దండం పెడతా. పోండన్నా.”

ఆ మాటతో రాజమాణిక్యానికి తిక్క నెత్తికెక్కింది. డ్రమ్ములు దాటుకుని వెళ్ళి, దేవా రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

స్టూలు దొర్లింది, దేవా బోర్లా పడ్డాడు, అతని కుడి ప్యాంటులోంచి బూటుతో సహా ఒక కొయ్యకాలు జారి రాజమాణిక్యం పాదాల ముందుకొచ్చి ఆగింది.