పెద్దక్క

"గుడ్డు పెట్టని పెట్టకి మేత దండగ. పట్టుకుని పాముల గదికి పంపించెయ్యండి," అన్నాడు సూపరింటెండెంటు, జాలీలోంచి వేలు పెట్టి చూపిస్తూ.

పాముల గదికి పంపడమంటే కాపురానికి పంపడం కాదని జూలో పనిచేసే అందరికీ తెలుసు. పక్షుల గదులు ఊడ్చి మేత పెట్టే కీపరమ్మ చీపురు పక్కన పడేసి జాలీ దగ్గరికి వచ్చింది. 'దండగ' అన్న ఆ మాటే నిన్న అత్తగారి నోట విన్నది. అక్కడ అన్నది పెట్ట గురించి కాదు, అంతే తేడా.

ఆ గదిలో ఉన్నవి కాలరు పిట్టలు. అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ ఎవరికీ నోరు తిరగదు. మగది ఒక్కటే. జతకట్టే కాలం వచ్చిందంటే దాని మెడ చుట్టూ ఇంతేసి ఈకల కాలరు మొలుచుకొస్తుంది. ఇక పొద్దస్తమానం గంతులే. అందరూ దాన్ని దొరగారు అంటారు. మిగతావన్నీ ఎండుగడ్డి రంగు పెట్టలు, గడ్డిలో కూర్చుంటే కాలు పడేదాకా కనిపించవు. వాటిలో కాస్త బొద్దుగా ఉన్నదానికి కీపరమ్మ పెద్దక్క అని పేరు పెట్టుకుంది. పెద్దక్క ఇంతవరకూ ఒక్క గుడ్డు కూడా పెట్టలేదు. అయినా పాపం, ఎవరిమీదా కుళ్ళు లేదు. దొరగారు గంతులేస్తున్నంతసేపూ చెల్లెళ్ళను అంటిపెట్టుకునే తిరుగుతుంది. ఈసారి గదినిండా పిల్లలు పుడితే కీపరమ్మకి ముందు దానిమీదే జాలేసింది.

ఆ కాలరు ఎందుకని ఒకసారి డాక్టరమ్మని అడిగింది. జూకి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరమ్మ టీ తాగుతూ తీరిగ్గా చెప్పింది. అంత సోకు చేసుకుని బయట తిరిగితే డేగ కళ్ళు మూసుకునైనా ఎత్తుకుపోతుందట. అయినా పెంచుతాడట, ఎందుకంటే పెట్టలకి అదే ఇష్టం. వాళ్ళు మెచ్చినవాడికే పిల్లలు పుడతారు, ఆ పిల్లల్లో మగవాళ్ళకీ అదే కాలరు వస్తుంది, అలా తరతరాలుగా పెరుగుతూ వచ్చిందట. గుడ్లు పొదిగే పెట్టలు మాత్రం డేగ కంటపడకూడదు. కంటపడినవి పిల్లల్ని కనకుండానే పోయాయి కాబట్టి మిగిలినవన్నీ గడ్డిరంగువేనట.

"అంటే మగాళ్ళ వేషమంతా మనం మెచ్చుకోబట్టే వచ్చిందన్నమాట," అంది కీపరమ్మ.

"మరి? మెచ్చుకునేముందు కాస్త ఆలోచించాల్సింది," అంది డాక్టరమ్మ.

ఈ ముక్క కీపరమ్మ ఇంట్లో చెప్పలేదు. ఆమె మొగుడు అదే పక్షుల విభాగానికి హెడ్డు. మీసాలకి నూనె రాసి మెలి తిప్పనిదే గడప దాటడు. మగాడంటే దొరగారిలా ఉండాలని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. పిల్లలు పుట్టినప్పుడు తనకే పుట్టినంత సంబరంగా ఆఫీసంతా మిఠాయి పంచాడు. సొంతంగా పంచే రోజు మాత్రం పెళ్ళయి ఇన్నేళ్ళయినా రాలేదు. కీపరమ్మ పరీక్షలన్నీ చేయించుకుంది, ఏ లోపమూ లేదన్నారు. ఆయన్ని కూడా చేయించుకోమంటే మీసం అదిరింది, కొన్నాళ్ళు మాటలు ఆగిపోయాయి. అత్తగారు మాత్రం మాటలు ఆపలేదు. కొడుక్కి ఇంకో సంబంధం చూస్తానని ఇప్పుడు ఇరుగుపొరుగు వింటుండగానే అంటోంది.

అందుకే పెద్దక్క కోసం కీపరమ్మ అందరి కాళ్ళూ పట్టుకుంది. చివరికి డాక్టరమ్మే అడ్డుపడింది. దొరగారిని సంతానం కోసం ఇంకో జూవాళ్ళు అడుగుతున్నారు. ఈ పిల్లలు అతనివేనని రుజువు కావాలన్నారు. పరీక్షకి గదిలో ఉన్న ప్రతి పిట్ట నెత్తురూ పంపించారు. ఆ ఫలితం వచ్చేదాకా ఏ పిట్టనీ కదపకూడదని ఆమె గట్టిగా చెప్పింది. వచ్చిన మరుక్షణం మాత్రం తను ఎవరి మాటా విననన్నాడు సూపరింటెండెంటు.

ఫలితం చెబుతామన్న రోజున మొగుడు పొద్దున్నే వల తెచ్చి పెద్దక్క గది ముందు నిలబడ్డాడు. పక్కన సూపరింటెండెంటు. డాక్టరమ్మ కాస్త దూరంగా ఫోనులో మాట్లాడుతోంది. కీపరమ్మ తలుపుకి అడ్డంగా నిలుచుంది.

"తప్పుకోవే. పిల్లల్ని కననిదాన్ని ఎన్నాళ్ళు మేపుతారు?" అన్నాడు మొగుడు.

కీపరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎప్పుడూ లేనిది ఈసారి నోరు కూడా తిరిగింది. "లోపం దానిదేనని మీకెవరు చెప్పారు?"

మొగుడు వలతో ఓ అడుగు ముందుకేశాడు. ఈలోగా డాక్టరమ్మ ఫోను పెట్టేసి వచ్చింది. జాలీ పట్టుకుని చాలాసేపు లోపలికి చూసింది. తర్వాత నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

"ఏమన్నారు మేడమ్? తండ్రి మా దొరగారేగా?" అన్నాడు మొగుడు మీసం సవరించుకుంటూ.

"ఒక్క పిల్ల కూడా అతనిది కాదు."

"అదెలా కుదురుతుంది? గదిలో ఇంకో మగాడు లేడుగా?"

"ఉన్నాడు. ఇలాంటివాళ్ళు ఎక్కడో ఒకరు పుడతారని చదివానుగానీ చూడటం ఇదే మొదలు. కాలరు పెంచడు, గంతులెయ్యడు. డేగ కంటపడడు, దొరగారికి అనుమానమూ రానివ్వడు." డాక్టరమ్మ అతని చేతిలోంచి వల మెల్లగా తీసుకుంది.

"పిల్లలందరికీ నాన్న పెద్దక్కే."