ముఖం మీద పందెం

మెడింగ్ శవం ఉన్న పేటికకు వీపు పెట్టి కూర్చుని, ఎలాడియో పేకముక్కలు అందుకున్నాడు.

మూడు రోజులుగా అదే కుర్చీ. పసాయ్ ఊళ్ళో ఎవరు పోయినా ఇంటి ముందు గుడారం, దాని కింద పేకాట మామూలే. ప్రతి ఆటలోంచి కొంత తీసి ఆ ఇంటివాళ్ళ డబ్బాలో వేస్తారు. అంత్యక్రియల ఖర్చుకు పనికొస్తుంది. కానీ పోయిన మనిషి ముఖం ఒక్కసారైనా చూడకుండా ఆటకు కూర్చున్నవాణ్ణి మాత్రం ఎవరూ ఎరగరు.

ఎలాడియోకి ముప్ఫై ఏళ్ళుగా తిండి పెడుతున్నది పోకర్. చేతిలో నాలుగు ఆసులున్నా, చెత్త ముక్కలున్నా అతని ముఖం ఒకటే. క్యాసినోలో మర్నాడు పెద్ద పోటీ చివరి ఆట. గెలిస్తే ఇక జన్మలో ముక్క పట్టుకోనక్కర్లేదు. ఓడితే అరవయ్యో ఏట మళ్ళీ చిల్లర బల్లల దగ్గర మొదలు.

"రేపు అంత పెద్ద ఆట పెట్టుకుని చావింట్లో కూర్చున్నావేంటన్నా?" అన్నాడు ట్రైసికిల్ నడిపే బెర్టింగ్. "పిల్లి ఎదురొస్తే ఆట మానేసే మనిషివి!"

"దారిలో ఆగే వెళ్తున్నాగా."

"అదీ నిజమేలే. మొన్న నేను మర్చిపోయి తిన్నగా ఇంటికెళ్ళా. మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. 'మెడింగక్కని వెంటబెట్టుకొచ్చావా, దరిద్రుడా!' అని ఒకటే తిట్లు. మూల కొట్టుకెళ్ళి గంజి తాగొస్తే గానీ లోపలికి రానివ్వలేదు."

అందరూ నవ్వారు. మెడింగ్ తమ్ముడు క్రిస్పిన్ కూడా నవ్వాడు. చావింటి నుంచి ఎక్కడా ఆగకుండా ఇంటికి పోతే, పోయినవాళ్ళు వెంట వచ్చి అక్కడే ఉండిపోతారని చిన్నపిల్లలకూ తెలుసు. జూదగాడికి అంతకంటే చెడ్డ శకునం లేదు.

"మా అక్క హోటల్లో ఇన్నేళ్ళు తిన్నావు," అన్నాడు క్రిస్పిన్. "బాగుందని గానీ, బాగోలేదని గానీ ఒక్క మాటన్నావా? నీ ముఖం ఎలా మారుతుందో చూద్దామని ఒకసారి కావాలనే కూరలో రెండింతలు ఉప్పేసింది, తెలుసా?"

"తెలుసు."

"మరేం చేశావు?"

"ఇంకో ప్లేటు అడిగాను."

మళ్ళీ నవ్వులు. క్రిస్పిన్ మాత్రం ఈసారి నవ్వలేదు.

"అక్క పెళ్ళెందుకు చేసుకోలేదో ఎప్పుడూ చెప్పలేదు. ఎవరైనా అడుగుతారని చూసిందేమో, పిచ్చిది."

"ముక్కలు పంచు," అన్నాడు ఎలాడియో.

ఎండ తగ్గేసరికి అతను లేచాడు. క్రిస్పిన్ అడ్డం వచ్చాడు.

"పొద్దున్నే తీసుకెళ్ళిపోతాం. ఒక్కసారి చూసి వెళ్ళన్నా."

ఎలాడియో పేటిక వైపు నడిచాడు. బెర్టింగ్ గొంతు తగ్గించి, "ఆ ముఖంలో ఏదైనా కదిలిందా, నా బండి నీదే," అన్నాడు క్రిస్పిన్‌తో. ఆటాపి అందరూ అటే చూశారు.

ఎలాడియో పేటిక మూతకున్న అద్దం మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. కనురెప్ప కూడా కదల్లేదు.

"వీడికంటే రాయి నయం," అన్నాడు బెర్టింగ్, బండి దక్కిన సంతోషంలో.

క్రిస్పిన్‌కి ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళు వండిపెట్టిన మనిషి. పరాయివాళ్ళు కూడా ఏడ్చారు."

ఎలాడియో పేటిక దగ్గర్నుంచి కదిలాడు. చావింటివాళ్ళు ఎవరినీ సాగనంపకూడదు కాబట్టి ఒక్కడే బయటికి నడిచాడు.

మూల కొట్టావిడ అతన్ని దూరం నుంచే చూసి గిన్నెలో గంజి పోసింది.

"రా అన్నా, నీకోసమే ఉంచా!"

ఎలాడియో ఆగలేదు, తిన్నగా తన ఇంటికి వెళ్ళి, తలుపు బార్లా తీసి, వెనక వచ్చే మనిషి ముందుగా లోపలికి వెళ్ళేందుకు పక్కకు జరిగి నిలబడ్డాడు.