పడవకు పెళ్లి ఫొటో

విశాఖలో సందెవేళ ఫొటోలు తీసే సన్యాసిరావు కెమెరా, ఆ రోజుల్లోని అన్ని కెమెరాల్లాగే, తనకు అందంగా తోచనిదల్లా చెరిపేసి తీరం తీరే మార్చేసేది. తీసిన ఫొటో చూసి జాలరి గున్నమ్మ నోరు నొక్కుకుంది.

"ఓలమ్మో! తూర్పు సముద్రంలో పొద్దుగూకుతోందేటి తమ్ముడూ? సూరీడు తాగి దారి తప్పీసినాడేటి? మా పడవేది? నానూ లేనేటి?"

"బాగులేరని కెమెరా తుడిచీసిందప్పా."

గున్నమ్మకు నవ్వు రాలేదు. ఫొటోల్లో పడవలే లేవు గనుక అక్కడ రేవే లేదనీ, రేపే చదును చేస్తామనీ నగరపాలకులు చాటించారు మరి.

సన్యాసిరావుకు సందెలో ఓ సందు దొరికింది. పెళ్లి ఫొటోలో మాత్రం కెమెరా దేన్నీ ముట్టుకోదు. ఓసారి పెళ్లికొడుకు మేనత్తను చెరిపి పెద్ద గొడవే తెచ్చుకుంది.

"బావను పిలప్పా. దండలు తే!"

ముప్పయ్యేళ్ల కాపురం తర్వాత గున్నమ్మా, ఆమె మొగుడు మసేనూ తమ పడవ ముందు మళ్లీ దండలు మార్చుకున్నారు. ఫొటోలో పడవ, వల, ఎండుచేపలు, వాటికి కాపు కాసిన పిల్లి, అన్నీ పడ్డాయి!

చీకటి పడేలోగా జాలరిపల్లె అంతా దండలతో వరస కట్టింది. చివర్న వచ్చిన ఒంటరి ముసలి పోలమ్మ తన పడవకే దండ వేసి, పక్కన నిటారుగా నిలబడింది.

"ఈడే నా పెనిమిటి. తియ్యరా ఫొటో! రేపెవుడు చెరుపుతాడో సూద్దాం!"