తడి ఇసుక దారి

సముద్రం నడుమ ఒక దీవి ఉండేది. తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో అక్కడ పొడి ఇసుక మీద ఎవరూ కాలు పెట్టరు. ఎంత తొందరపనున్నా పీతలు తడి ఇసుక వెంబడే చుట్టూ తిరిగి పోతాయి. తాతల నాటి నుంచీ అదే పద్ధతి.

ఒకనాడు అవతలి ఒడ్డు నుంచి ఒక కొంగ ఎగిరొచ్చి, సరిగ్గా పొడి ఇసుక మధ్యలో వాలింది.

"తాబేళ్లను కాపాడ్డానికి వచ్చాను. పీతల్లారా, ఇక మీరు దీవి ఖాళీ చెయ్యాలి," అంది.

ముసలి పీతవ్వకు ఒళ్లు మండిపోయింది. ఈ యేడు ఇలా దిగిన మూడో కొంగ ఇది.

"ముందు నువ్వు నిలబడ్డ చోటు ఖాళీ చెయ్యి! నీ కాళ్ల కిందే గుడ్లున్నాయి."

కొంగ గతుక్కుమని ఒక కాలు పైకెత్తేసింది. "అయ్యో, నాకెవరూ చెప్పలేదే!"

"చెప్పేవాళ్లనే కదా నాయనా, నువ్వు పొమ్మంటున్నది!"