వాసెన కట్టిన మఫ్లరు

"నా మఫ్లరు ఆవకాయ జాడీకి వాసెన కట్టావేంటి రత్నం?" గోపాలకృష్ణంరాజు గారు వంటింటి గుమ్మంలోనే అరిచారు.

"భీమవరం ఎండల్లో మీ మెడకి కట్టలేను కదండీ," అంది రత్నమాణిక్యం.

ఇంగ్లండులో ఫుట్‌బాల్ మ్యాచికి వెళ్లినప్పుడు స్టేడియం దుకాణంలో కొన్నదది. భోజనానికి వస్తున్న బావగారికి, అది మెడలో వేసుకునే ఆనాటి గోలు సంగతి చెప్పాలని ఆయన ఆశ. ముడి విప్పి, దులిపి వేసుకున్నారు.

విస్తరి ముందు బావగారు ముక్కు ఎగబీల్చారు. "ఆవకాయ ఘాటు మీ మెడలోంచి వస్తోందేంటి బావగారూ? సర్లెండి, గోలెలా పడింది?"

"ఆయ్, మధ్యలోంచి ఒకడు బలంగా తన్నాడండి..."

"కాదండి అన్నయ్యగారూ," గరిటె పట్టుకునే అంది రత్నమాణిక్యం. "మూలనుంచి ఒకడు ఎత్తి కొడితే, పొట్టివాడొకడు ఇద్దరు పొడుగువాళ్ల మధ్య ఎగిరి తలతో పొడిచాడు. పక్కనున్న ముసలి దొరసాని నన్ను వాటేసుకుని గెంతేసింది. అప్పుడీయన దుకాణంలో మఫ్లరు బేరమాడుతున్నారు."

రాజుగారు నెల్లాళ్లుగా ఊరంతా తిరిగి ఆ గోలు గురించి చెప్పారు గానీ, చూసిన మనిషిని ఒక్కసారీ అడగలేదు.

మెల్లగా మఫ్లరు తీసి భార్య చేతికిచ్చారు.

"వచ్చే ఏడు మళ్లీ వెళ్తున్నామండి బావగారూ. ఇకనుంచి మ్యాచి సంగతులు మీ చెల్లెమ్మే చెబుతుంది. ఇది జాడీకే ఉంటుంది."